హెల్త్ వాచ్ బ్యాటరీ ఎక్కడికి పోతోంది? మైక్రోఆంపియర్ల లెక్క

రెండు హెల్త్ వాచ్‌లు తీసుకోండి. రెండింట్లోనూ 300 ఎంఏహెచ్ బ్యాటరీయే ఉంది. గుండె వేగం, రక్తంలో ఆక్సిజన్, నిద్ర చూస్తామని రెండూ చెబుతాయి. ఒకటి ఒకటిన్నర రోజుకే ఛార్జర్ అడుగుతుంది, రెండోది పది రోజులు లాగిస్తుంది. మొదటిదాంట్లో బ్యాటరీ నాసిరకమని అనుకోవడం సహజం. కానీ తేడా చాలావరకు బ్యాటరీ బయటే ఉంటుంది: సెన్సర్ రోజులో ఎంతసేపు మేలుకుంటోంది, ప్రాసెసర్ ఎన్నిసార్లు నిద్ర లేస్తోంది, రేడియో ఎంత మాట్లాడుతోంది, తెర ఎంతసేపు వెలుగుతోంది అన్నదాంట్లో.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. వాచ్ ఛార్జర్ మీద ఉన్నంతసేపూ కొలత లేదు. రోజూ రాత్రి పడుకునేముందు తీసి ఛార్జింగ్‌కి పెట్టేవారికి నిద్రలో ఆక్సిజన్ పడిపోతున్నా ఆ వాచ్‌కి ఎప్పటికీ తెలియదు. బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలని కొలతలు మరీ తగ్గించినా అదే నష్టం. ఈ రెండింటి మధ్య దారి వెతకడమే ఒంటి మీద వేసుకునే (వేరబుల్) పరికరాలు తయారుచేసేవారి అసలు పని.

ఎంఏహెచ్, సగటు కరెంటు, డ్యూటీ సైకిల్

300 ఎంఏహెచ్ అంటే 300 మిల్లీఆంపియర్లు లాగితే ఒక గంట, 1 మిల్లీఆంపియర్ లాగితే 300 గంటలు. అంటే పన్నెండున్నర రోజులు. తిరగేసి చూస్తే, పది రోజులు రావాలంటే 240 గంటలు, సగటున 1.25 మిల్లీఆంపియర్లు దాటకూడదు. ఒకటిన్నర రోజే వస్తోందంటే సగటున 8 మిల్లీఆంపియర్లకు పైగా పోతోందన్నమాట. మిల్లీఆంపియర్‌లో వెయ్యో వంతు మైక్రోఆంపియర్. ఈ పరికరాల్లో గెలుపోటములు ఆ స్థాయిలోనే తేలతాయి.

ఇక్కడ ముఖ్యమైన మాట ‘సగటు’. 20 మిల్లీఆంపియర్లు తాగే ఎల్ఈడీని సెకనులో వందో వంతు కాలం మాత్రమే వెలిగిస్తే దాని సగటు 0.2 మిల్లీఆంపియర్లే. పని చేసిన సమయానికీ మొత్తం సమయానికీ ఉన్న ఈ నిష్పత్తిని డ్యూటీ సైకిల్ అంటారు. విద్యుత్ ఆదా మార్గాల్లో ఎక్కువ భాగం దీన్ని తగ్గించేవే. మిగిలినవి రెండే: పని చేస్తున్నప్పుడు లాగే కరెంటు తగ్గించడం, నిద్రలో ఉన్నప్పుడు కారిపోయే కరెంటు ఆపడం. ఆ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. రోజులో 99 శాతం నిద్రపోయే పరికరంలో బ్యాటరీని తినేది అదే కావచ్చు.

మణికట్టు మీది ఆకుపచ్చ వెలుగు

వాచ్ వెనుక మెరిసే ఆకుపచ్చ కాంతి చర్మంలోకి వెళ్లి, రక్తం ఎంత పీల్చుకోగా ఎంత వెనక్కి వచ్చిందో కొలుస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడి రక్తనాళాల్లో రక్తం కాస్త పెరుగుతుంది, వెనక్కి వచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల నుంచి నాడి లెక్కిస్తారు. ఈ పద్ధతికి ఫొటోప్లెథిస్మోగ్రఫీ అని పేరు, పొట్టిగా పీపీజీ. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన ఆక్సీమీటర్ వేలికి చేసే పని కూడా ఇదే. కాకపోతే అందులో ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతులు వాడతారు.

కాంతి పుట్టించడం ఖర్చుతో కూడిన పని. అందుకే ఎల్ఈడీని ఎప్పుడూ వెలిగించి ఉంచరు, మైక్రోసెకన్ల తునకలుగా మెరిపిస్తారు. విద్యార్థి ప్రాజెక్టుల్లో బాగా కనిపించే పీపీజీ సెన్సర్ మ్యాక్స్30102 చిప్‌నీ, దానికి ఆకుపచ్చ ఎల్ఈడీ కూడా జోడించిన మ్యాక్స్30101నీ తీసుకుంటే, ఒక్కో మెరుపు 69, 118, 215, 411 మైక్రోసెకన్లలో ఏదో ఒకటిగా పెట్టుకోవచ్చు. ఎల్ఈడీ కరెంటు సుమారు 50 మిల్లీఆంపియర్ల వరకు పెంచుకోవచ్చు.

రెండు సెట్టింగ్‌లు పోల్చి చూద్దాం. 50 మిల్లీఆంపియర్లు, 411 మైక్రోసెకన్లు, సెకనుకు 100 మెరుపులు: ఎల్ఈడీ వెలిగేది సెకనులో 4.11 శాతం, సగటు 2.06 మిల్లీఆంపియర్లు. ఆక్సిజన్ కోసం రెండు ఎల్ఈడీలు కావాలి కాబట్టి 4.1. బ్యాండ్‌లో ఉండే 180 ఎంఏహెచ్ బ్యాటరీని ఈ ఒక్క పనే రెండు రోజులు తిరక్కుండా తినేస్తుంది. ఇప్పుడు 20 మిల్లీఆంపియర్లు, 69 మైక్రోసెకన్లు, సెకనుకు 25 మెరుపులు: ఒక ఎల్ఈడీ సగటు 0.035 మిల్లీఆంపియర్లు. దాదాపు 60 రెట్లు తక్కువ.

ఆ 60 రెట్లూ ఊరికే రావు. మెరుపు పొట్టిదైతే కొలత సూక్ష్మత తగ్గుతుంది. ఈ చిప్‌లో 411 మైక్రోసెకన్లకు 18 బిట్లు దొరికితే 69కి 15 బిట్లే. సెకనుకు 25 సార్లు చూడటమంటే రెండు చూపుల మధ్య 40 మిల్లీసెకన్లు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పడానికి అది చాలు. ఒక్కో స్పందనకూ మధ్య కాలం ఎంత మారుతోందో (హార్ట్ రేట్ వేరియబిలిటీ) చూడాలంటే మాత్రం 40 మిల్లీసెకన్లు మరీ ముతక. చూపుల మధ్య ఖాళీని గణితంతో పూరించి కొంత నెట్టుకురావచ్చు, ఈసీజీ స్థాయి కచ్చితత్వం మాత్రం రాదు.

ఇంకో దాగిన ఖర్చు వోల్టేజ్‌లో ఉంది. ఆకుపచ్చ ఎల్ఈడీ వెలగాలంటే దాదాపు 3 వోల్టులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కావాలి. లిథియం బ్యాటరీ దిగిపోతున్నకొద్దీ దానికీ దీనికీ తేడా మిగలదు. అందుకని బూస్ట్ కన్వర్టర్‌తో 5 వోల్టులకు పెంచి ఇస్తారు. అక్కడ 20 మిల్లీఆంపియర్లంటే 100 మిల్లీవాట్లు. కన్వర్టర్ సామర్థ్యం 90 శాతమైతే 3.7 వోల్టుల బ్యాటరీ నుంచి పోయేది 30 మిల్లీఆంపియర్లు. ఎల్ఈడీ కరెంటునే బ్యాటరీ కరెంటుగా లెక్కేసినవారి అంచనా ఇక్కడే మూడో వంతు తప్పిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీకి ఒకటిన్నర వోల్టు లోపే సరిపోతుంది, బూస్ట్ అక్కర్లేదు. యాపిల్ వాచ్ వెనకపాటుగా తీసే గుండె కొలతలకు ఇన్‌ఫ్రారెడ్, వ్యాయామంలో ఆకుపచ్చ వాడుతుంది. చెయ్యి కదులుతున్నప్పుడు ఆకుపచ్చ కాంతి సంకేతమే శుభ్రంగా ఉంటుంది కాబట్టి అక్కడ ఖర్చుకు వెనకాడరు.

వాడేవారి చేతిలో ఉన్న విషయం కూడా ఒకటుంది. పట్టీ వదులుగా ఉంటే బయటి వెలుతురు లోపలికి దూరుతుంది, సెన్సర్ చర్మం మీద జారుతుంది. సంకేతం బలహీనపడగానే చిప్ దానంతట అదే ఎల్ఈడీ కరెంటు పెంచుతుంది. చర్మంలోని మెలనిన్ ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి ముదురు రంగు చర్మానికీ ఎక్కువ కాంతి కావాలి. మన చర్మపు రంగుల మీద పరీక్షించకుండా ‘ఇంత కరెంటు చాలు’ అని గీత గీసేయడం ప్రమాదం. ఆసుపత్రి ఆక్సీమీటర్లు తెల్లవారితో పోలిస్తే నల్లజాతివారిలో ఆక్సిజన్ కొరతను దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపెట్టలేకపోయాయని 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. గోడ ప్లగ్గుకు తగిలించిన పరికరాల పరిస్థితే అదైతే, కాంతిని పొదుపుగా వాడే చిన్న బ్యాండ్ విషయంలో ఇంకెంత జాగ్రత్త పడాలి!

ఈసీజీ సంగతి వేరు. అది శరీరం పుట్టించే విద్యుత్తునే చదువుతుంది, ఏమీ వెలిగించదు. ఏడీ8232 అనే ఈసీజీ చిప్ సుమారు 170 మైక్రోఆంపియర్లతో నిరంతరం పనిచేస్తుంది. అయితే గుండెకు అటూ ఇటూ రెండు చోట్ల ఎలక్ట్రోడ్లు తగలాలి. అందుకే వాచ్‌లో ఈసీజీ తీయాలంటే రెండో చేతి వేలు పెట్టి అరనిమిషం కదలకుండా కూర్చోవాలి. రోజంతా ఈసీజీ కావాలంటే ఛాతీ మీద ప్యాచ్ అతికించుకోవాలి. మణికట్టు మీద పీపీజీ నెగ్గింది విద్యుత్ ఖర్చు తక్కువని కాదు, వేసుకోవడం సులువని.

ప్రాసెసర్ ఎన్నిసార్లు నిద్ర లేవాలి?

బ్యాండ్లలో వాడే ఎన్ఆర్ఎఫ్52832 లాంటి చిప్ 64 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేస్తున్నప్పుడు 3.7 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. గడియారం ఒక్కటి నడుపుకుంటూ నిద్రపోతే 2 మైక్రోఆంపియర్లు. తేడా దాదాపు 1,900 రెట్లు. సెన్సర్ దగ్గర కొత్త విలువ వచ్చిందా, వచ్చిందా అని లూప్‌లో అడుగుతూ కూర్చునే ప్రోగ్రాం రాస్తే 180 ఎంఏహెచ్ బ్యాటరీ రెండు రోజులకు ఖాళీ. ఇంటర్నెట్‌లో దొరికే ఉదాహరణ కోడ్లలో చాలావరకు ఇలాగే ఉంటాయి, సులువుగా అర్థం కావడానికి.

దీనికి విరుగుడు సెన్సర్‌లోనే ఉంది. మ్యాక్స్30102లో 32 కొలతలు దాచుకునే ఫిఫో (ముందు వచ్చినదాన్ని ముందు ఇచ్చే చిన్న మెమరీ) ఉంటుంది. సెకనుకు 25 కొలతలైతే అది నిండటానికి 1.28 సెకన్లు పడుతుంది. నిండబోతున్నప్పుడు ఒక ఇంటరప్ట్ (లేపే సంకేతం) పంపమని చెప్పి ప్రాసెసర్ పడుకోవచ్చు. సెకనుకు 25 సార్లు ఒక్కో మిల్లీసెకను మేలుకుంటే సగటు 93 మైక్రోఆంపియర్లు. సెకనుకు ఒక్కసారే లేచి 5 మిల్లీసెకన్లలో మొత్తం చదివేసి పడుకుంటే 19.

కదలిక సెన్సర్‌లో తేడా ఇంకా పెద్దది. ప్రాజెక్టుల్లో అందరూ పెట్టే ఎంపీయూ6050లో గైరోస్కోప్ (తిరిగే వేగాన్ని కొలిచే భాగం) కూడా నడిస్తే దాదాపు 3.8 మిల్లీఆంపియర్లు. అడుగులు లెక్కపెట్టడానికీ, మనిషి నిద్రపోతున్నాడా లేదా తెలుసుకోవడానికీ గైరో అక్కర్లేదు. ఏడీఎక్స్ఎల్362 అనే యాక్సిలరోమీటర్ సెకనుకు 100 కొలతలు 2 మైక్రోఆంపియర్ల లోపే తీస్తుంది. ‘కదిలితే లేపు’ అనే స్థితిలో 0.27 మైక్రోఆంపియరే. ఇంత చవకైన సెన్సర్‌ని కాపలా పెట్టి, ఖరీదైన పీపీజీని అవసరమైనప్పుడే లేపడం మంచి డిజైన్ లక్షణం. చెయ్యి విపరీతంగా ఊగుతుంటే ఆ నిమిషం పీపీజీ తీసినా పనికిరాదు, వాయిదా వేయొచ్చు. వాచ్ బల్ల మీద పడి ఉంటే అసలు వెలిగించనక్కర్లేదు.

ఇదే ఆలోచనను పెద్ద వాచ్‌లు రెండు ప్రాసెసర్లతో అమలు చేస్తాయి. 2024లో వచ్చిన వన్‌ప్లస్ వాచ్ 2లో యాప్‌ల కోసం ఒక పెద్ద చిప్, నేపథ్య పనుల కోసం ఒక చిన్న చిప్ ఉన్నాయి. 500 ఎంఏహెచ్ బ్యాటరీతో 100 గంటల వరకు వస్తుందని కంపెనీ చెప్పింది.

రేడియో: మొత్తం పంపాలా, సారాంశం చాలా?

ఈ రంగంలో అందరూ ఒప్పుకోని ప్రశ్న ఇది. ఒక లీడ్ ఈసీజీని సెకనుకు 250 సార్లు, ఒక్కోదానికి 2 బైట్ల చొప్పున తీస్తే సెకనుకు 500 బైట్లు, రోజుకు 43 మెగాబైట్లు. అదే ప్రతి స్పందనకూ మధ్య కాలాన్ని మాత్రం పంపితే, నిమిషానికి 72 స్పందనలకు 144 బైట్లు. రెండింటికీ 200 రెట్ల తేడా. అందుకే ‘పరికరంలోనే లెక్కతేల్చి ఫలితం పంపు’ అన్నది చాలాకాలంగా మొదటి సూత్రం.

మరో పక్షం వాదనలోనూ బలముంది. ముడి సంకేతం చేతిలో ఉంటే డాక్టర్ చూడగలరు, రేపు మెరుగైన అల్గారిథం వస్తే పాత డేటాను మళ్లీ విశ్లేషించవచ్చు, యంత్రం తప్పు చేసిందేమో తేల్చుకోవచ్చు. పైగా బ్లూటూత్ మారింది. పాత పద్ధతిలో ఒక్కో ప్యాకెట్‌లో 20 బైట్లే పట్టేవి, 500 బైట్లకు 25 ప్యాకెట్లు. 4.2 వెర్షన్ నుంచి ఒక్క ప్యాకెట్‌లో 244 బైట్ల వరకు పంపొచ్చు, సెకనుకు మూడు చాలు. ప్రతి ప్యాకెట్‌కూ రేడియో వేడెక్కడం, జవాబు కోసం ఆగడం అనే స్థిరమైన ఖర్చు ఉంటుంది కాబట్టి మూడు పెద్దవి పాతిక చిన్నవాటి కన్నా చవక. పాత బ్లూటూత్ కాలపు లెక్కలతో ముడి డేటాను తోసిపుచ్చడం ఇప్పుడు సబబు కాదు. నిమిషాలపాటు ప్రాసెసర్ నడిపే భారీ న్యూరల్ నెట్‌వర్క్ పెట్టడం కన్నా ముడి డేటా పంపేయడమే చవకయ్యే సందర్భాలున్నాయి. రెండూ కొలిచాకే నిర్ణయించుకోవాలి.

డేటా కన్నా ఎక్కువగా బ్యాటరీని తినేది కనెక్షన్ విరామం. పంపేదేమీ లేకపోయినా, బ్యాండూ ఫోనూ నిర్ణీత విరామానికి ఒకసారి పలకరించుకోవాలి. ఆ విరామం 7.5 మిల్లీసెకన్ల నుంచి 4 సెకన్ల దాకా ఉండొచ్చు. ఒక్కో పలకరింపుకు 10 మైక్రోకూలుంబులు (10 మైక్రోఆంపియర్లు ఒక సెకను పారినంత విద్యుత్తు) ఖర్చవుతుందనుకుందాం. 30 మిల్లీసెకన్ల విరామమైతే సెకనుకు 33 సార్లు, అంటే 330 మైక్రోఆంపియర్లు. సెకనుకు ఒక్కసారైతే 10. బ్యాండ్ కొన్ని పలకరింపులు ఎగ్గొట్టడానికి ‘లేటెన్సీ’ అనే సెట్టింగ్ ఉంది. అది పెడితే మామూలుగా ఒక సెకనుకు లేచినా, అత్యవసర హెచ్చరిక ఉన్నప్పుడు 30 మిల్లీసెకన్లలోనే పంపొచ్చు. విరామం ఎంతన్నది బ్యాండ్ అడగగలదు గానీ తుది మాట ఫోన్‌ది. ఒక ఫోన్‌తో వారం వచ్చిన బ్యాండ్ ఇంకో ఫోన్‌తో నాలుగు రోజులే రావడానికి ఇదొక కారణం.

రేడియోని పూర్తిగా వదిలేసిన పరికరాలూ ఉన్నాయి. ఫ్రీస్టైల్ లిబ్రే గ్లూకోజ్ సెన్సర్ తొలి వెర్షన్ దీనికి మంచి ఉదాహరణ. చేతికి అతికిస్తే 14 రోజులు పనిచేసేది. పావుగంటకో విలువ చొప్పున చివరి 8 గంటలవి మాత్రమే దాచుకునేది. రీడర్‌ని దగ్గరకు తెచ్చినప్పుడు ఎన్‌ఎఫ్‌సీ ద్వారా ఆ విలువలు ఇచ్చేది. ఆ సంభాషణకు కావలసిన శక్తి రీడర్ నుంచే వస్తుంది కాబట్టి లోపల చిన్న సిల్వర్ ఆక్సైడ్ బటన్ బ్యాటరీ సరిపోయింది. దానికి మూల్యం: 8 గంటలు దాటి స్కాన్ చేస్తే పాత డేటా పోతుంది, రాత్రి షుగర్ పడిపోతే దానంతట అది హెచ్చరించలేదు. ఆ హెచ్చరికల కోసమే లిబ్రే 2లో బ్లూటూత్ చేర్చారు.

ఒక బ్యాండ్ ఖర్చు మొత్తం వేసి చూద్దాం

180 ఎంఏహెచ్ బ్యాటరీలో వాడుకోగలిగేది 90 శాతమనుకుంటే 162. గుండెను నిరంతరం చూస్తుందనుకుందాం. ఎల్ఈడీ: బ్యాటరీ వైపు 30 మిల్లీఆంపియర్లు, 100 మైక్రోసెకన్లు, సెకనుకు 25 సార్లు, అంటే సగటు 0.075. సెన్సర్ చిప్ తన కోసం తాను తీసుకునేది సుమారు 0.6. యాక్సిలరోమీటర్ 0.002. ప్రాసెసర్ 0.022. బ్లూటూత్ 0.01. తెర రోజుకు వందసార్లు, ఒక్కోసారి 5 సెకన్లు, 15 మిల్లీఆంపియర్లతో వెలిగితే సగటు 0.087. మొత్తం 0.8 మిల్లీఆంపియర్లు, ఎనిమిది రోజుల పైచిలుకు.

ఇందులో ఒక విషయం గమనించండి. ఎల్ఈడీ మీద అంత శ్రమపడి తగ్గించాక, చిప్ సొంత ఖర్చు దానికి ఎనిమిది రెట్లుగా తేలింది. మెరుపు ఇంకా పొట్టి చేసి ప్రయోజనం లేదు, చిప్‌నే పడుకోబెట్టాలి. షట్‌డౌన్‌లో అది తీసుకునేది ఒక మైక్రోఆంపియర్ కన్నా తక్కువ. పది నిమిషాలకు ఒక నిమిషం మాత్రమే కొలిస్తే 0.675 కాస్తా 0.0675 అవుతుంది, మొత్తం 0.19కి దిగుతుంది, బ్యాటరీ 35 రోజులు వస్తుంది. ఇప్పుడు ఖర్చులో దాదాపు సగం తెరది. తెరను ‘ఎప్పుడూ ఆన్’లో పెట్టి దానికే 2 మిల్లీఆంపియర్లు పోతే, ఇంత చేసినా మూడున్నర రోజులు రాదు. అందుకే యాపిల్ 2019లో సిరీస్ 5కి ఎప్పుడూ వెలిగే తెర ఇచ్చినప్పుడు, దాన్ని సెకనుకు ఒక్కసారే తిరిగి గీసేలా చేయాల్సి వచ్చింది. అమోలెడ్ తెరలో నల్లటి చుక్క వెలగదు కాబట్టి నల్లటి నేపథ్యం ఉన్న వాచ్‌ఫేస్ నిజంగానే బ్యాటరీ మిగులుస్తుంది.

కాలేజీ ప్రాజెక్టు ఎనిమిది గంటలకే ఎందుకు ఆగిపోతుంది?

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా కనిపించే ‘ఐఓటీ హెల్త్ మానిటర్’లో ఈఎస్పీ32 (వైఫై ఉన్న చిప్) డెవలప్‌మెంట్ బోర్డు, మ్యాక్స్30102, చిన్న ఓఎల్ఈడీ తెర, 1000 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ ఉంటాయి. వైఫై ఎప్పుడూ ఆన్‌లో ఉంటే సుమారు 100 మిల్లీఆంపియర్లు, తెరకు 20, బోర్డు మీది రెగ్యులేటర్‌కు (వోల్టేజ్‌ని స్థిరంగా ఉంచే భాగం) 5. ఎనిమిది గంటలు.

చాలామంది ఇక్కడ డీప్ స్లీప్ పెడతారు. డేటాషీట్ 10 మైక్రోఆంపియర్లంటుంది, మీటర్ మాత్రం కొన్ని మిల్లీఆంపియర్లు చూపిస్తుంది. చిప్ నిద్రపోయింది, బోర్డు పోలేదు. చవక బోర్డుల మీద ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఊరికే ఉండటానికే 5 మిల్లీఆంపియర్లు తింటుంది. యూఎస్‌బీ చిప్, ఎర్ర పవర్ ఎల్ఈడీ దానికి అదనం. పైగా ఏఎంఎస్1117కి లోపలికి వచ్చే వోల్టేజ్ బయటికిచ్చేదానికన్నా సుమారు ఒక వోల్టు ఎక్కువ ఉండాలి. 3.7 వోల్టుల బ్యాటరీ నుంచి 3.3 ఎలా ఇస్తుంది? వైఫై పంపడం మొదలుపెట్టగానే వోల్టేజ్ కుంగి బోర్డు రీసెట్ అవుతుంది. బ్యాటరీ సగం మిగిలే ఉంటుంది, ప్రోగ్రాంలో తప్పు కోసం వారం వెతుకుతారు.

చేయాల్సిన మార్పుల్లో ముందుది రెగ్యులేటర్. ఏపీ2112 అయితే 55 మైక్రోఆంపియర్లతో సరిపెట్టుకుని 600 మిల్లీఆంపియర్లు ఇవ్వగలదు, వైఫై తట్టుకుంటుంది. బ్లూటూత్ చిప్‌కి మారితే 1.6 మైక్రోఆంపియర్ల ఎంసీపీ1700 చాలు. అది 250 మిల్లీఆంపియర్లే ఇస్తుంది కాబట్టి ఈఎస్పీ32 వైఫైకి పెట్టకండి. తర్వాత పవర్ ఎల్ఈడీ రెసిస్టర్ పీకేయాలి. సెన్సర్‌కి సరఫరా ఆపితే దాని ఐ2సీ పుల్-అప్‌లకూ (సెన్సర్‌తో మాట్లాడే తీగలను సరఫరా వోల్టేజ్‌కి కలిపే రెసిస్టర్లు) ఆపాలి. లేకపోతే ఆ తీగల గుండానే సెన్సర్‌లోకి కరెంటు దొంగచాటుగా వెళుతుంది. 4.7 కిలోఓమ్‌ల పుల్-అప్ ఉన్న తీగ కిందికి లాగి ఉండిపోతే 3.3 వోల్టుల వద్ద 0.7 మిల్లీఆంపియర్లు వృథా. పై బ్యాండ్ మొత్తం ఖర్చుతో దాదాపు సమానం.

కొలవడంలోనూ ఒక చిక్కుంది. మామూలు మల్టీమీటర్‌ని మైక్రోఆంపియర్ రేంజ్‌లో పెడితే లోపలి రెసిస్టర్ వల్ల, రేడియో ఒక్కసారి లేవగానే వోల్టేజ్ పడి పరికరం ఆగిపోతుంది. పెద్ద రేంజ్‌లో పెడితే నిద్ర కరెంటు కనపడదు. 200 నానోఆంపియర్ల నుంచి ఒక ఆంపియర్ దాకా వేగంగా గీసి చూపే నోర్డిక్ పవర్ ప్రొఫైలర్ కిట్ 2 లాంటిది లాబ్‌లో ఒకటి ఉంటే ఈ గొడవ తీరుతుంది.

బటన్ సెల్‌తో నడపాలనుకునేవారికి ఇంకో జాగ్రత్త. సీఆర్2032లో 220 ఎంఏహెచ్ ఉంటుంది గానీ దాని అంతర్గత నిరోధం ఎక్కువ, వాడేకొద్దీ పెరుగుతుంది. అది 20 ఓమ్‌లకు చేరాక 20 మిల్లీఆంపియర్ల మెరుపు లాగితే 0.4 వోల్టు అక్కడే పోతుంది. పక్కన 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే ఆ క్షణిక భారం అది మోస్తుంది.

ఎంత తరచుగా చూస్తే చాలు?

ఈ ప్రశ్నకు ఎలక్ట్రానిక్స్‌లో జవాబు దొరకదు, జబ్బులో దొరుకుతుంది. గ్లూకోజ్ నిమిషాల్లో మారుతుంది, క్షణాల్లో కాదు. డెక్స్‌కామ్ జీ6 ఐదు నిమిషాలకు ఒక విలువ ఇస్తుంది, ఇన్సులిన్ నిర్ణయాలకు అది సరిపోతోంది. నిద్రలో శ్వాస ఆగే స్లీప్ ఆప్నియాలో పది సెకన్లు శ్వాస నిలిచినా ఒక ఘటన కిందే లెక్క. గంటకోసారి ఆక్సిజన్ చూసే బ్యాండ్ వాటిని పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అలాంటి వాచ్ ‘మీ ఆక్సిజన్ 97’ అని రోజూ చూపిస్తే, గురకతో బాధపడే మనిషికి అది తప్పుడు ధైర్యం ఇస్తుంది. రాత్రి ఆరేడు గంటలు నిరంతరం కొలిచి పగలు మానేయడం ఇక్కడ తెలివైన పొదుపు.

మధ్యస్థంగా ఉన్నది ఏట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె పైగదులు లయ తప్పడం. యాపిల్ వాచ్ దీని కోసం రెండు నుంచి నాలుగు గంటలకోసారి, చెయ్యి కదలనప్పుడు, ఒక నిమిషం పాటు చూస్తుంది. లయ తేడాగా అనిపిస్తే పావుగంటకోసారి దాకా చూపు పెంచుతుంది. ఆరింటిలో అయిదుసార్లు అలాగే ఉంటే అప్పుడు చెబుతుంది. 2019 నవంబరులో ఫలితాలు వెలువడిన యాపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది పాల్గొంటే 2,161 మందికి హెచ్చరిక వచ్చింది. తర్వాత ఈసీజీ ప్యాచ్ వేసుకుని తిరిగిచ్చిన 450 మందిలో 34 శాతానికి ఫిబ్రిలేషన్ కనిపించింది.

దీన్ని రెండు రకాలుగా చదువుతున్నారు. అరుదుగా చూస్తూ, అనుమానం రాగానే దగ్గరగా చూసే పద్ధతి రోజు బ్యాటరీతోనే లక్షల మంది మీద పనిచేసిందని ఒక వాదన. తప్పుడు హెచ్చరికలతో ఆరోగ్యవంతులను ఆసుపత్రుల చుట్టూ తిప్పకపోవడమూ విలువైనదేనని వీరంటారు. గంటల వ్యవధిలో వచ్చి పోయే చిన్న ఫిబ్రిలేషన్ ఆ ఖాళీల్లో జారిపోతుందన్నది రెండో వాదన. రెండూ నిజమే. మామూలు జనంలో ముందస్తు వడపోతకు మొదటి పద్ధతి సమర్థనీయం. ఒకసారి పక్షవాతం వచ్చి కారణం తెలియనివారికి, కళ్లు తిరిగి పడిపోతున్నవారికి ఆ వాచ్ ‘అంతా బాగుంది’ అన్నా సరిపోదు. అలాంటివారికి జియో ఎక్స్‌టీ లాంటి ప్యాచ్‌లు 14 రోజులు ప్రతి స్పందననూ నమోదు చేస్తాయి. నమోదు చేసింది అక్కడికక్కడ పంపకుండా దాచుకుని, చివర్లో ఇవ్వడం వల్లే అంతకాలం బ్యాటరీ వస్తోంది.

ఒంటి వేడితో నడిపితే?

బ్యాటరీయే లేని వేరబుల్ గురించి అప్పుడప్పుడూ వార్తలొస్తుంటాయి. థర్మోఎలక్ట్రిక్ పలకలు చర్మానికీ గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా నుంచి విద్యుత్ తీస్తాయి. మణికట్టు మీద చదరపు సెంటీమీటరుకు దొరికేది పదుల మైక్రోవాట్లు. మన బ్యాండ్ 0.19 మిల్లీఆంపియర్ల వెర్షన్‌కే 3.7 వోల్టుల వద్ద 700 మైక్రోవాట్లు కావాలి. పైగా మేలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయటి గాలి చర్మం కన్నా వేడిగా ఉంటుంది, ఇంట్లో 34 డిగ్రీలుంటే తేడా సున్నా. చలిదేశపు లాబ్ ఫలితాలు ఇక్కడికి నేరుగా రావు. సౌర పలకకు ఎండలో చదరపు సెంటీమీటరుకు పది మిల్లీవాట్లు పైగా దొరుకుతుంది గానీ, గదిలో ట్యూబ్‌లైట్ కింద అది మళ్లీ పదుల మైక్రోవాట్లకే పడిపోతుంది. ఆరుబయట పనిచేసేవారికి అదనపు ఊతంగా సౌరశక్తి నిజంగా ఉపయోగమే. మంచం మీది రోగికి కాదు.

పెట్టె మీది ‘14 రోజులు’

ఆ అంకె అబద్ధం కాదు, దానికో షరతు ఉంటుంది. చిన్న అక్షరాల్లో గుండె వేగం ఎన్ని నిమిషాలకోసారి, ఆక్సిజన్ నిరంతరమా అడిగినప్పుడా, తెర ఎప్పుడూ ఆన్‌లో ఉందా, రోజుకు ఎన్ని నోటిఫికేషన్లు, ఎంతసేపు జీపీఎస్ అన్నవి రాసి ఉంటాయి. మీకు కావలసిన సెట్టింగ్ పెట్టగానే ఆ అంకె మూడో వంతుకు పడిపోవచ్చు. ఇంట్లో పెద్దవారికి కొంటున్నప్పుడు ముందు ఏ కొలత ఎందుకు కావాలో డాక్టర్‌తో మాట్లాడి, ఆ కొలత నిరంతరం ఆన్‌లో ఉన్నప్పుడు ఎన్ని రోజులొస్తుందో చూడటం మేలు.

తక్కువ ఖర్చుకు ఇంకో ఫలితం ఉంది. లిథియం బ్యాటరీ 300 నుంచి 500 పూర్తి ఛార్జింగ్‌ల తర్వాత దాదాపు 80 శాతం సామర్థ్యానికి దిగుతుంది. రోజూ పూర్తిగా ఛార్జ్ చేయాల్సిన వాచ్‌కి ఆ గీత ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు వచ్చేస్తుంది. వారానికోసారి చేసేదానికి ఛార్జింగ్‌ల లెక్కన దాదాపు ఆరేళ్లు, ఆపైన. ఈలోగా వయసు వల్ల, ముఖ్యంగా ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం వల్ల అరిగేదే ఎక్కువ. 20 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న స్మార్ట్ ఉంగరాల్లో సెల్‌ని మార్చే వీలే ఉండదు కాబట్టి, అక్కడ ప్రతి 10 మైక్రోఆంపియర్లూ ఆ ఉంగరం ఆయుష్షులోంచే పోతాయి.